నోరు విప్పడమూ చదువే!

ఇంట్లో వసపిట్టలా కబుర్లు చెప్పే పిల్ల, క్లాసులో టీచరు ప్రశ్న వేస్తే చాలు, తల వంచుకుని కాలి బొటనవేలితో నేలమీద రాస్తూ నిలబడుతుంది. ఎందుకని? పదిమందిలో మాట్లాడటం, ఒక విషయాన్ని నలుగురితో కలిసి చర్చించడం వాటంతటవే వచ్చేస్తాయా? లేక లెక్కల్లా, సైన్సులా కూర్చోబెట్టి నేర్పాల్సినవా? కర్నూలు, కడప జిల్లాల బడుల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు తెలుగు చెప్పిన ఒక టీచరు అనుభవాలు ఈ వారం...

మీ అమ్మాయి ఏడో తరగతిలో ఉందా? అయితే ఒక్కసారి వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోండి. రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇంటికొచ్చిన చుట్టాల ముందు పద్యం చెప్పమంటే గడగడా అప్పజెప్పేది. చెప్పొద్దన్నా పాట పాడేది. "ఆ పక్కింటి తాత ఎందుకు చచ్చిపోయినాడు? చచ్చిపోయినోళ్ళు యాడికి పోతారు?" అని ప్రాణం తీసేది. మరి ఇప్పుడో? ఎవరైనా పేరు అడిగితే మన కొంగు వెనక్కి చేరుతుంది. ఆ పేరేదో మనమే చెబుతాం. "పెద్దదవుతోంది కదా... సిగ్గు" అని పైగా మురిసిపోతాం!

ఆ సిగ్గు దానంతటదే వచ్చిందా, మనమే నేర్పామా అన్నది నా ప్రశ్న. మా సీమలో ఆడపిల్ల కాస్త గట్టిగా మాట్లాడితే "దానికి నోరెక్కువ" అంటారు. ఆ మాటే మగపిల్లవాడు మాట్లాడితే "వీడు ప్లీడరవుతాడు చూడు" అని వీపు తడతారు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య, అంటే సరిగ్గా ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా, ఈ తేడా పిల్లలకు బాగా తెలిసొస్తుంది. ఆరో తరగతిలో జూన్‌లో చెయ్యెత్తిన అమ్మాయిలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేను ఏటా చూశాను. వాళ్ళకు జవాబు తెలియక కాదు. పరీక్ష కాగితాల మీద అందరికంటే బాగా రాసేది వాళ్ళే!

రచ్చకట్ట మీద చోటెవరికి?

నిజానికి మాటలకు కరువున్న ప్రాంతం కాదు మనది. వానలకే కరువు. ప్రొద్దుటూరు అవధానాలకు పెట్టింది పేరు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి, ఆ తర్వాత సి.వి.సుబ్బన్న శతావధాని... వీళ్ళంతా ఆ ఊరివాళ్ళుగానే పేరు పొందారు. అవధానం అంటే పద్యాలల్లడమేనని అనుకుంటాం. కానీ చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు గుప్పిస్తుంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు దారి తప్పించాలని చూస్తుంటే, ప్రతి ఒక్కరి మాటా విని, గుర్తు పెట్టుకుని, కోపం తెచ్చుకోకుండా బదులు చెప్పాలి. చర్చకు కావలసిన లక్షణాలన్నీ అందులో ఉన్నాయి.

ఇక కర్నూలు సంగతి. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అది. శాసనసభ అక్కడే కూర్చుంది. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై వాదోపవాదాలు జరిగి, టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయిందీ అక్కడే. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లల కళ్ళు ఇంతింతలవుతాయి. "మన కర్నూల్లోనేనా మేడమ్? ఒక్క ఓటుకే?" అని అడుగుతారు. మాట బరువు ఎంతో తెలియజెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

అంతెందుకు, ప్రతి ఊళ్ళోనూ వేపచెట్టు కింద రచ్చకట్ట ఉంది. సాయంత్రమైతే పంటల ధరల నుంచి ఢిల్లీ రాజకీయాల దాకా అక్కడ చర్చకు రాని విషయం ఉండదు. అయితే ఆ కట్ట మీద మనలో ఎవరైనా ఎప్పుడైనా కూర్చున్నామా? కొళాయి దగ్గర, కలుపు తీసే చేలో, బట్టలుతికే బండ దగ్గర ఆడవాళ్ళు మాట్లాడే మాటల్లో తర్కం లేదనా? బోలెడంత ఉంది. కాకపోతే ఆ మాట సభ దాకా రాదు.

వస్తే ఏమవుతుందో మనకు పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడులు నడిచాయి. వాచకంలో సారా వల్ల ఒక ఇల్లాలి సంసారం కూలిపోయిన పాఠం వచ్చింది. చదువుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆ పాఠం గురించి తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "ఇది మన కథే కదా" అన్నారు. "మరి మనమేం చేద్దాం?" అన్నారు. 1992 నాటికి అది సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారనుకోండి, అది వేరే కథ. అక్షరాలు నేర్చుకున్నందుకు వాళ్ళు సంతకం పెట్టగలిగారు. పాఠం గురించి మాట్లాడుకున్నందుకు సారా అంగళ్ళు మూయించగలిగారు.

వక్తృత్వ పోటీ వేరు, చర్చ వేరు

"మా బడిలో వక్తృత్వ పోటీలు పెడతారండీ" అంటారు చాలామంది. పెడతారు. ఆగస్టు పదిహేనుకు, నవంబరు పద్నాలుగుకు పెడతారు. ఎవరు మాట్లాడతారు? ఏటా ఆ ఇద్దరు ముగ్గురే! ఉపన్యాసం టీచరో, నాన్నో రాసిస్తారు. పిల్ల బట్టీ పట్టి, "పెద్దలకు నా నమస్సుమాంజలులు" అని మొదలుపెట్టి ఊపిరాడకుండా చెప్పేసి దిగుతుంది. మిగతా నలభైమంది చప్పట్లు కొడతారు. ఆ పిల్ల జ్ఞాపకశక్తి గొప్పదే. కానీ మధ్యలో ఎవరైనా లేచి "ఎందుకట్లా?" అని అడిగితే ఏం చెబుతుంది?

పోటీలు వద్దని నేననను. కాకపోతే చర్చంటే అది కాదు. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినడం, దాన్ని ఒప్పుకోవడమో కాదనడమో చేసి, ఎందుకో కారణం చెప్పడం, తెలియనిది అడగడం, మంచి కారణం వినిపిస్తే తన అభిప్రాయం మార్చుకోవడం... ఇదీ చర్చ. ఇది ఇద్దరికి కాదు, నలభైమందికీ రావాలి.

చదవడం రాయడం వస్తే అక్షరాస్యత అంటాం. మరి మాట్లాడటం, వినడం వస్తే? బ్రిటన్‌లో ఆండ్రూ విల్కిన్సన్ అనే విద్యావేత్త దానికీ ఒక పేరుండాలని 1965లో 'ఒరసీ' అనే మాట పుట్టించారు. మన దేశంలో 1986లో ప్రొఫెసర్ కృష్ణకుమార్ పిల్లల భాష గురించి టీచర్ల కోసం రాసిన చిన్న పుస్తకంలోనూ పిల్లలు మాట్లాడుకోవడానికి పెద్ద పీట వేశారు. మన రాష్ట్రంలో 2011 విద్యాప్రణాళిక పరిధిపత్రం వచ్చాక తయారైన తెలుగు వాచకాల్లో పాఠాల చివర మాట్లాడే అభ్యాసాలు పెట్టారు. అంటే, పుస్తకంలో ఉంది. క్లాసులో జరగాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో నోటి మాటకు మార్కుల్లేవు కాబట్టి, సిలబస్ తరుముకొస్తుంటే మొదట ఎగిరిపోయేది ఆ అభ్యాసమే!

ఐదంకెలు లెక్కపెట్టండి

సరే, నేర్పడం ఎలా? డబ్బు ఖర్చు లేదు. పరికరాలు అక్కర్లేదు. మొదట కావలసింది ఓపిక.

అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో టేపులు పెట్టి రికార్డు చేసి, 1970లలో ఒక విచిత్రమైన సంగతి బయటపెట్టారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకనేనట! ఆలోగా ఎవరూ చెప్పకపోతే ఇంకొకరిని లేపడమో, తామే చెప్పేయడమో జరుగుతుంది. అదే మూడు సెకన్లు, ఆపైన ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. "తెలీదు" అనడం తగ్గింది. ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. ఇది చదివాక నేను ప్రశ్న వేసి మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ ఐదంకెలు ఎంత పొడుగో మీరు ఒకసారి చేసి చూడండి, తెలుస్తుంది!

రెండోది, జంటలు. ప్రశ్న వేయగానే పెద్దగా చెప్పమనకుండా, ఒక నిమిషం ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలి. తర్వాత పక్కవాళ్ళతో చెప్పుకోవాలి. ఆ తర్వాతే క్లాసుకు చెప్పాలి. ఈ పద్ధతిని 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికా అధ్యాపకుడు ప్రచారంలోకి తెచ్చారు. యాభైమంది ముందు లేచి చెప్పడమంటే గుండె దడదడలాడే పిల్ల, పక్కనున్న స్నేహితురాలి చెవిలో చెప్పగలదు. అక్కడ ఒకసారి బయటికి వచ్చిన మాట రెండోసారి పెద్దగా రావడం తేలిక. పైగా "మేమిద్దరం ఇట్లా అనుకున్నాం మేడమ్" అని చెప్పొచ్చు. తప్పయినా ఒక్కదానిమీదే పడదు కదా!

మూడోది, మాట అందుకునే వాక్యాలు. మన పిల్లలకు "అవును", "కాదు" తెలుసు. మధ్యలో ఉండేవి తెలియవు. అందుకే బోర్డు పక్కన ఒక అట్ట మీద రాసి తగిలించేదాన్ని. "నువ్వు చెప్పింది నాకు అర్థమైంది, కానీ..." "నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే..." "ఆ మాట ఇంకొంచెం విడమరిచి చెప్తావా?" "నేను ముందు వేరేగా అనుకున్నా, ఇప్పుడు..." మొదట్లో వాటిని చూసి చదివేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. రెండు నెలలు గడిచాక అట్ట వైపు చూడటం మానేశారు. ఆటస్థలంలో కబడ్డీ దగ్గర తగాదా వచ్చినప్పుడు "నువ్వు చెప్పింది అర్థమైంది గానీ..." అని ఒకడు అనడం నా చెవులతో విన్నాను!

చింతగింజల చర్చ

ప్రతి క్లాసులోనూ నలుగురైదుగురు మాటల పోగులుంటారు. చెయ్యెత్తక ముందే జవాబు చెప్పేస్తారు. మిగతావాళ్ళు "వాళ్ళు చెప్తార్లే" అని ఊరుకుంటారు. వీళ్ళను తిట్టి కూర్చోబెడితే వాళ్ళకూ కోపం, చర్చకూ చేటు. దీనికి నేను చింతగింజలు పట్టుకున్నాను. మన సీమలో వాటికేం తక్కువ!

ఆరుగురేసి గుంపులుగా కింద కూర్చోవాలి. ఒక్కొక్కరికీ మూడు గింజలు. మాట్లాడిన ప్రతిసారీ ఒక గింజ మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోతే మిగతావాళ్ళ గింజలన్నీ అయ్యేదాకా వినడమే. మాటల పోగులు మొదటిసారి రెండు నిమిషాల్లో గింజలన్నీ ఖర్చు చేసుకుని లబోదిబోమంటారు. రెండోసారి జాగ్రత్తగా వాడతారు. ఏ మాటకు గింజ పెట్టాలో ఆలోచిస్తారు. ఇక మాట్లాడని పిల్ల చేతిలో మూడు గింజలూ అట్లాగే ఉంటే గుంపంతా ఆమె వైపు చూస్తుంది. ఎవరూ బలవంతం చెయ్యరు, ఎదురుచూస్తారంతే.

ఇంకో నియమం కూడా పెట్టాను. నీ మాట చెప్పేముందు, ఇంతకు ముందు మాట్లాడినవాళ్ళు ఏమన్నారో ఒక్క వాక్యంలో చెప్పాలి. వాళ్ళు "ఔను, అదే అన్నా" అంటేనే నీ వంతు. ఈ ఒక్క నియమంతో వినడం దానంతటదే వచ్చేస్తుంది. గుంపు తరఫున చివర్లో క్లాసుకు చెప్పేది ఎవరు? గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడినవాళ్ళు! అప్పుడు మిగతా ఐదుగురూ ఆ పిల్లకు నేర్పిస్తారు, ధైర్యం చెబుతారు. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఉన్న క్లాసులో ఒక అబ్బాయి తర్వాత ఒక అమ్మాయి అని వంతు పెడితే, ఎవరూ ఎవరినీ తోసుకుంటూ ముందుకు రారు.

సుగ్గికి పోయే పిల్లల మాట

చర్చకు ఏ విషయం ఇవ్వాలి? "విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా" అంటే పిల్లలు గైడులో చూసి చదువుతారు. వాళ్ళ బతుకులోంచి తీసిస్తే గైడు పనికిరాదు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పనిచేసేటప్పుడు సంక్రాంతి దాపుకొచ్చేసరికి నా క్లాసులో బెంచీలు ఖాళీ అయ్యేవి. మెట్ట పంట చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత ఊళ్ళో పనులుండవు. జనం లారీలెక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్నే అక్కడ 'సుగ్గికి పోవడం' అంటారు. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. అందుకని ఒక డిసెంబరులో ఏడో తరగతికి ఈ ప్రశ్న వేశాను: "సుగ్గికి పోయేటప్పుడు పిల్లల్ని తీసుకుపోవాలా, ఊళ్ళో అవ్వ దగ్గర వదిలి బడికి పంపాలా?"

మొదట అందరూ నాకు నచ్చే జవాబే చెప్పారు. "బడి మానకూడదు మేడమ్, వదిలిపోవల్ల." టీచరు అడిగితే పిల్లలు చెప్పేది అదే! నేనేమీ అనకుండా గింజలు పంచాను. గుంపుల్లో కూర్చున్నాక అసలు మాటలు బయటికొచ్చాయి.

జూన్ నుంచి క్లాసులో ఒక్కసారీ నోరు తెరవని ఒక అమ్మాయి మొదటి గింజ మధ్యలో పెట్టింది. "మా అవ్వకు కండ్లు అగపడవు. నన్ను ఊర్లో ఇడిసిపోతే అన్నం నేనే చేయల్ల, నీళ్ళు నేనే తేవల్ల, అవ్వను నేనే చూసుకోవల్ల. ఇంక బడికి ఎప్పుడొచ్చేది?" అంది. గుంపు నిశ్శబ్దమైపోయింది. ఒక అబ్బాయి కాసేపాగి, "అక్కడికి పోతే మాత్రం ఏముంది? గుడిసెలో పడుకోవల్ల. మా తమ్మునికి జరమొచ్చి పోయిన్యాడు ఆస్పత్రి లేకపాయె" అన్నాడు. ఇంకొకమ్మాయి, "మా యమ్మ లేకుండా మూన్నెల్లు నేనుండలేను. కానీ ఆడికి పోయినంక తిరిగొస్తే లెక్కలు అర్థం కావు" అంది. ఇంకో గుంపులో, కూలి డబ్బులు పిల్లలు కోస్తే ఎంత పెరుగుతాయో వేళ్ళమీద లెక్కలు కట్టారు.

గంట కొట్టేసరికి వాళ్ళు ఒక మాట మీదికి వచ్చారు. సీజనల్ హాస్టలు ఉంటే వదలాలి. అన్నం పెట్టే దిక్కు లేకుండా వదిలితే లాభం లేదు. మొదట గట్టిగా "తీసుకుపోకూడదు" అని వాదించిన అబ్బాయి, అట్ట మీద వాక్యం చూడకుండానే, "నేను ముందు వేరేగా అనుకున్నా, ఇప్పుడు..." అన్నాడు. మర్నాడు నలుగురు పిల్లలు వెళ్ళి, ఈ ఏడు మన బడికి సీజనల్ హాస్టలు ఎప్పుడు తెరుస్తారని హెడ్మాస్టరుగారిని అడిగారు. ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ నేర్పలేదు. వాళ్ళ ప్రశ్న వాళ్ళే అడిగారు.

తర్వాత మా వారి ఉద్యోగరీత్యా కడప జిల్లాకు వచ్చాక అక్కడి పిల్లలకు వేరే ప్రశ్న ఇచ్చాను. "నీళ్ళు పడకపోతే ఇంకో బోరు వెయ్యాలా, మానాలా?" ఒకమ్మాయి, "మా నాయన ఇప్పటికే నాలుగు బోర్లు ఏపిచ్చినాడు. మూటిట్లో దుమ్ము తప్ప ఏం రాలే. అప్పు మాత్రం పెరగతాండాది" అంది. సైన్సు టీచరుగారిని పిలిచి భూగర్భజలాల గురించి చెప్పించాం. చర్చలోంచి సైన్సు పాఠం పుట్టింది, లెక్కల పాఠమూ పుట్టింది. వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి ఎన్ని మాటలు నడిచాయో మరి!

యాసను ఆపకండి

పైన పిల్లల మాటలు అలాగే రాశాను, గమనించారా? "అగపడవు కాదు, కనపడవు అనాలి" అని ఆ క్షణంలో నేను సరిదిద్ది ఉంటే ఆ అమ్మాయి రెండో గింజ పెట్టేది కాదు. మాట మధ్యలో తప్పు పట్టుకుంటే మాట చచ్చిపోతుంది. ఇంటి యాస తప్పు కాదు. ముందు ఆలోచన బయటికి రానివ్వాలి. మరో రోజు, "ఇదే సంగతి కలెక్టరుగారికి చెప్పాలనుకో, ఎట్లా చెప్తావు?" అని అడిగితే పిల్లలే పుస్తకం తెలుగులోకి మార్చుకుంటారు. ఇంట్లో ఒక మాట, సభలో ఒక మాట... రెండూ రావాలి. ఇంగ్లీషు మీడియం పిల్లల విషయంలోనూ ఇంతే. పక్కవాళ్ళతో తెలుగులో చర్చించుకున్నాక ఇంగ్లీషులో చెప్పమంటే చెబుతారు. చెప్పడానికి ముందు విషయమంటూ ఉండాలిగా!

గోల అవుతుందని భయమా?

"నలభైమంది ఒకేసారి మాట్లాడితే క్లాసు సంతలా ఉండదూ?" అని తోటి టీచర్లు అడుగుతుంటారు. ఉంటుంది, మొదటి రెండు వారాలు. నేను చెయ్యెత్తితే చూసినవాళ్ళు తామూ చెయ్యెత్తి మాట ఆపాలని ఒప్పందం పెట్టుకున్నాం. పది సెకన్లలో క్లాసంతా చేతులే! బెంచీల మధ్య తిరుగుతూ వింటే, అది అల్లరి గోలో, పని గోలో ఇట్టే తెలిసిపోతుంది. వారానికి ఒక్క పీరియడు చాలు.

బిడియస్తులను స్టేజీ ఎక్కించి "మాట్లాడు, మాట్లాడు" అని తోయకూడదు. ముందు ఒక వాక్యం రాసుకోనివ్వండి, తర్వాత జంటలో చదవనివ్వండి. నత్తి ఉన్న పిల్లల మాట మనం పూర్తి చెయ్యకూడదు. వాళ్ళ ముఖంలోకి మామూలుగా చూస్తూ చివరిదాకా ఆగాలి, క్లాసుకూ ఆ మర్యాద నేర్పాలి. మార్కులు వేయాల్సి వస్తే గొంతుకు వెయ్యకండి. కారణం చెప్పిందా, ముందువాళ్ళ మాట అందుకుందా, మంచి ప్రశ్న అడిగిందా అని చూసి వెయ్యండి.

అడగగలిగితే...

ఇదంతా ఎందుకంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు సుమారు సగమే. ఎనిమిదో తరగతి అయ్యాక ఇంట్లో "ఇంక చాల్లే" అనే రోజు చాలామంది అమ్మాయిలకు వస్తుంది. ఆ రోజు ఏడవడం అందరికీ వచ్చు. "నాయనా, నేను చదువుకుంటా. ఎందుకంటే..." అని కూర్చుని చెప్పడం నేర్చుకుంటే తప్ప రాదు.

కర్నూలు జిల్లాలోనే పదో తరగతి అయిన ఒక అమ్మాయికి ఇంట్లో పెళ్ళి చేయబోతే, ఊరికి వచ్చిన ప్రజాప్రతినిధికి తన గోడు చెప్పుకుంది. అధికారులు కల్పించుకుని పెళ్ళి ఆపి, కస్తూరిబా బాలికా విద్యాలయంలో చేర్పించారు. 2024 ఏప్రిల్లో ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాల్లో ఆ అమ్మాయి 440కి నాలుగొందలు దాటి మార్కులు తెచ్చుకుని పేపర్లకెక్కింది. మార్కుల గురించి అందరూ రాశారు. నాకు మాత్రం ఆమె నోరు తెరిచి అడిగిన ఆ రెండు నిమిషాలే గొప్పగా అనిపించాయి. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల నుంచి పదిమంది పిల్లలు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యక్రమానికి వెళితే, వాళ్ళలో కర్నూలు, నంద్యాల జిల్లాల అమ్మాయిలూ ఉన్నారు. అంత దూరం అందరూ వెళ్ళరు. ఇంటి గడప దగ్గర మాట్లాడాల్సిన రోజు మాత్రం అందరికీ వస్తుంది.

ఇంట్లో అమ్మలు ఏం చెయ్యొచ్చు?

* బడి నుంచి రాగానే "ఎన్ని మార్కులు?" అని కాకుండా "ఈరోజు నువ్వేం అడిగావు?" అనండి.

* చుట్టాలు పిల్లను ఏదైనా అడిగితే జవాబు మీరు చెప్పకండి. కాస్త ఆగండి.

* అంగట్లో ధర అడగడం, బస్సులో టికెట్ తీసుకోవడం, బ్యాంకులో ఫారం అడగడం అమ్మాయికి అప్పజెప్పండి.

* పండక్కి బట్టలు కొనాలా, ఫ్యాను బాగుచేయించాలా? ఇలాంటి విషయాల్లో పిల్లల మాటా అడగండి. "నాకది కావాలి" అంటే చాలదు, ఎందుకో చెప్పాలి.

* ఎదురు తిరగడానికీ, ఎందుకని అడగడానికీ తేడా ఉంది. గొంతు పెంచితే ఆపండి. కారణం అడిగితే చెప్పండి.

* అన్న మాట్లాడుతుంటే చెల్లెల్ని, చెల్లెలు మాట్లాడుతుంటే అన్నను చివరిదాకా విననివ్వండి. నియమం ఇద్దరికీ ఒకటే!

చివరిగా మనకూ ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింట్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టినప్పుడు అమ్మలు బాగానే కదిలి వచ్చారు. కుర్చీ దొరికింది. అందులో కూర్చుని సంతకం పెట్టి లేచి రావడమేనా? ఈసారి సమావేశానికి వెళ్ళినప్పుడు మరుగుదొడ్ల సంగతి, మధ్యాహ్న భోజనం సంగతితోపాటు ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి: "టీచరుగారూ, ఈ వారం మా అమ్మాయి క్లాసులో ఎన్నిసార్లు మాట్లాడింది?"

అడిగి... మనసులో ఐదంకెలు లెక్కపెట్టండి!